నత్తికి సొంత గొంతును ఆలస్యంగా వినిపించే సాఫ్ట్‌వేర్: చదివేటప్పుడు పనిచేసినది బేరంలో ఎందుకు పనిచేయడం లేదు?

ప్రశ్న
మిర్చి యార్డు గుమాస్తా, గుంటూరు

సభ్యులందరికీ నమస్కారం.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తాగా పనిచేస్తున్నాను. నాకు చిన్నతనం నుంచి నత్తి ఉంది. ఒకే అక్షరాన్ని మళ్ళీ మళ్ళీ పలకడం నాలో తక్కువ. మాట మొదలుపెట్టబోయే క్షణంలోనే గొంతు బిగుసుకుపోయి అసలు శబ్దమే బయటికి రాకపోవడం ఎక్కువ. ఇంట్లోనూ స్నేహితుల మధ్యా ఉన్నప్పుడు, ఇబ్బంది పెట్టబోయే మాట ముందుగానే తెలిసిపోతుంది కాబట్టి దాని బదులు మరో మాట వేసి గట్టెక్కుతాను. యార్డులో ఆ వెసులుబాటు లేదు. సరుకు తేజ రకం మిర్చి అయితే తేజ అనే చెప్పాలి, బాడిగ రకం అయితే బాడిగ అనే చెప్పాలి, క్వింటా ధర పద్నాలుగు వేలయితే పద్నాలుగు అనే పలకాలి. ఆ ‘ప’ దగ్గర నేను ఆగిపోయినప్పుడు, ధర చెప్పడానికి వెనకాడుతున్నానని ఫోనులో ఉన్న వ్యాపారి అనుకుంటాడు. రైతు పక్కనే నిలబడి ఉంటే, తన సరుకు విషయంలో ఏదో దాస్తున్నానని ఆయన అనుకుంటాడు. నాకు కలిగే సిగ్గు కంటే, నా వల్ల రైతు నష్టపోతాడేమోనన్న భయమే నన్ను ఎక్కువగా బాధిస్తున్నది.

ఇటీవల ఫోనులో ఒక యాప్ వేసుకున్నాను. మనం మాట్లాడే మాటను మైకు ద్వారా తీసుకుని, సెకనులో కొద్ది భాగం ఆలస్యంగా మన చెవికే తిరిగి వినిపించడం దాని పని. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుని దినపత్రిక బిగ్గరగా చదివితే, వాక్యాలకు వాక్యాలు ఎక్కడా ఆగకుండా సాగిపోయాయి. మా నాన్నగారు పక్క గది నుంచి వచ్చి చదువుతున్నది నేనేనా అని చూశారు. అదే యాప్‌ను దుకాణంలో వాడితే ఏమీ తేడా కనబడలేదు. పైగా చుట్టుపక్కల హమాలీల కేకలు, లారీల హారన్లు కూడా ఆలస్యంగా చెవిలో పడి తల దిమ్మెక్కింది.

యాప్‌లో ఆలస్యాన్ని 0 నుంచి 250 మిల్లీసెకన్ల వరకు మార్చుకోవచ్చు, గొంతు స్థాయిని (శ్రుతిని) కూడా పెంచవచ్చు, తగ్గించవచ్చు. ఎంత పెట్టుకోవడం సరైనది? ఈ ప్రభావం కొంతకాలానికి అరిగిపోతుందని ఎక్కడో చదివాను, అది నిజమేనా? ఇదే పని చేసే చెవి పరికరం విదేశాలలో దొరుకుతుందని, దాని ఖరీదు లక్షలలో ఉంటుందని విన్నాను. అప్పు చేసి అయినా తెప్పించుకోవడం మంచిదా? అనుభవం ఉన్నవారు, ఈ వృత్తిలో ఉన్నవారు దయచేసి చెప్పండి.


సమాధానం
స్పీచ్ థెరపిస్ట్, విజయవాడ

గుమాస్తా గారికి నమస్కారం. మీ ప్రశ్నకు సగం సమాధానం మీరు రాసిన మాటలలోనే ఉంది. చదివేటప్పుడు సాఫీగా సాగిందన్నారు, మాట మొదట్లోనే శబ్దం రాదన్నారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి.

సాఫ్ట్‌వేర్ మీకు ఏదైనా వినిపించాలంటే ముందుగా మీ గొంతు నుంచి శబ్దం రావాలి. గొంతు బిగుసుకుపోయి మౌనంగా ఉన్నంతసేపు మైకుకు అందేది ఏదీ లేదు, కాబట్టి చెవికి తిరిగి వచ్చేదీ లేదు. దినపత్రిక చదివేటప్పుడు ఒకసారి గొంతు మోగడం మొదలైతే వాక్యం చివరి వరకు దాదాపు ఆగకుండా మోగుతూనే ఉంటుంది, ఆ వెనుకనే మీ రెండవ గొంతు మీకు తోడుగా వస్తూ ఉంటుంది. బేరంలో మాటలు చిన్నవి; ప్రతి మాటా మౌనం నుంచి కొత్తగా మొదలవుతుంది. ‘తేజ, పద్నాలుగు’ అన్న జవాబులో సాఫ్ట్‌వేర్ సహాయం అందేసరికే మాట అయిపోతుంది. మీలాగా మొదటి అక్షరం దగ్గరే శబ్దం ఆగిపోయేవారికి ఈ పద్ధతి ఒక్కటే చాలకపోవడానికి ముఖ్యమైన కారణం ఇదే. యాప్‌ది లోపమనీ, మీలో పట్టుదల లేదనీ అనుకోనవసరం లేదు.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం చెబుతాను, ఎందుకంటే ఎంత ఆలస్యం పెట్టుకోవాలన్న మీ ప్రశ్నకు సమాధానం ఆ చరిత్రలోనే ఉంది. 1950, 1951 సంవత్సరాలలో బెర్నార్డ్ లీ అనే అమెరికా పరిశోధకుడు, నత్తి లేని మనిషికి అతని గొంతునే సెకనులో అయిదో వంతు ఆలస్యంగా వినిపిస్తే అతని మాట తడబడుతుందని, అక్షరాలు రెట్టిస్తాయని గమనించి ప్రచురించాడు. ఆ తడబాటు దాదాపు 200 మిల్లీసెకన్ల దగ్గర అన్నింటికంటే ఎక్కువగా కనిపిస్తుంది. అది ఇంచుమించు ఒక అక్షరం పలకడానికి పట్టే సమయం. నత్తి ఉన్నవారిలో మాత్రం దీనికి విరుద్ధంగా మాట సాఫీ అవుతున్నదని తరువాత తేలింది. 1965లో ఇజ్రాయెల్ గోల్డైమండ్ 250 మిల్లీసెకన్ల ఆలస్యాన్ని ఉపయోగించి, మాటను బాగా నెమ్మదిగా, అచ్చులను సాగదీస్తూ పలికే అలవాటును నేర్పించి, ఆ తరువాత ఆలస్యాన్ని క్రమంగా తగ్గించుకుంటూ వచ్చాడు. అంటే అప్పట్లో ఆ యంత్రం నెమ్మదిగా మాట్లాడడం నేర్పే సాధనం.

మరి ఉపయోగమంతా నెమ్మది వల్లనే వస్తున్నదా అన్న సందేహం చాలాకాలం ఉండేది. 1993లో జోసెఫ్ కలినోవ్‌స్కీ బృందం నత్తి ఉన్నవారిని మామూలు వేగంతోనూ, వేగంగానూ చదివించి చూసింది. 50 మిల్లీసెకన్ల చిన్న ఆలస్యంతోనూ, గొంతు స్థాయిని అర ఆక్టేవ్ (సంగీతంలో ‘స’ నుంచి పై ‘స’ వరకు ఉన్న అంతరంలో సగం) మార్చి వినిపించినప్పుడూ, వేగంగా చదివినప్పుడు కూడా నత్తి గణనీయంగా తగ్గింది. కాబట్టి నెమ్మదించడం ఒక కారణమే గాని, అదే మొత్తం కారణం కాదు. బడిలో పిల్లలందరూ కలిసి ఎక్కాలు వల్లించేటప్పుడు నత్తి ఉన్న పిల్లవాడు కూడా తడబడకుండా అప్పజెప్పడం మీకు గుర్తుండే ఉంటుంది. ఇంకొకరితో కలిసి ఒకే మాటను పలికేటప్పుడు నత్తి దాదాపు మాయమవుతుంది. చెవిలో పడే ఆలస్యపు గొంతు అలాంటి తోడు గొంతుగా పనిచేస్తున్నదని ఒక వివరణ. మాటను నడిపే మెదడు భాగాలకూ, మన గొంతును మనం వినే భాగాలకూ మధ్య సమన్వయం కుదరడానికి ఈ మార్పు సాయపడుతున్నదని మరొకటి. ఈ చర్చ ఇంకా తేలలేదు.

రోజువారీ మాటల కోసం 50 నుంచి 75 మిల్లీసెకన్ల మధ్య మొదలుపెట్టండి. 200కు దగ్గరగా వెళ్తే మాట తప్పనిసరిగా నెమ్మదిస్తుంది. అది ఇంట్లో సాధనకు పనికివస్తుంది గాని, ఫోనులో ధర అడుగుతున్న వ్యాపారికి పనికిరాదు. గొంతు స్థాయి మార్పును ఆలస్యంతో కలిపి ఒకసారి, విడిగా ఒకసారి ప్రయత్నించండి, ఎందుకంటే ఏది నప్పుతుందన్నది మనిషిని బట్టి మారుతుంది. ఒక చెవిలో కంటే రెండు చెవులలో వినిపించినప్పుడు ఫలితం ఎక్కువని 1997లో ప్రచురితమైన పరిశోధన చూపింది, కానీ రెండు చెవులూ మూసుకుని మీ పని చేయడం కష్టం.

చెవి పరికరం గురించి నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాను: అప్పు చేయవద్దు. స్పీచ్‌ఈజీ అనే ఆ పరికరాన్ని అమెరికాలోని ఈస్ట్ కరొలైనా విశ్వవిద్యాలయ పరిశోధకులు రూపొందించారు, 2001 నుంచి అమ్మకంలో ఉంది, ధర వేల డాలర్లలో ఉంటుంది. వినికిడి యంత్రంలా చెవిలో ఇమిడిపోవడం దాని సౌకర్యం. లోపల జరిగే పని మీ యాప్‌లో జరిగేదే. 2006లో మిషెల్ లింకన్, ఆన్ ప్యాక్‌మన్, మార్క్ ఆన్‌స్లో అనే ఆస్ట్రేలియా పరిశోధకులు అప్పటి వరకు వచ్చిన అధ్యయనాలన్నింటినీ పరిశీలించి, బిగ్గరగా చదవడంలో కనిపించినంత ఫలితం సంభాషణలో కనిపిస్తుందనడానికి తగిన ఆధారాలు లేవన్నారు. 2009లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 11 మంది ఆ పరికరాన్ని నెలల తరబడి తమ రోజువారీ జీవితంలో వాడారు. కొందరికి ఇష్టమయింది, కొందరికి విసుగు పుట్టింది. బయట సంభాషణలలో బృందం మొత్తం మీద చూస్తే నత్తి గణనీయంగా తగ్గినట్టు కనిపించలేదు. వ్యక్తులుగా లాభపడినవారు ఉన్నారు. మీరు వారిలో ఒకరా కాదా అన్నది తెలుసుకోవడానికి లక్షలు ఖర్చుపెట్టనవసరం లేదు, మీ దగ్గర ఉన్న ఫోను చాలు.


సమాధానం
ఆడియో సాఫ్ట్‌వేర్ పని, పటమట

థెరపిస్ట్ గారు చెప్పినదానికి సాంకేతికంగా ఒక ముఖ్యమైన విషయం జోడించాలి. ప్రశ్న అడిగిన వారు బ్లూటూత్ ఇయర్‌బడ్స్ వాడుతున్నానని రాశారు. అలా అయితే యాప్‌లో ఆయన ఏ అంకె పెట్టినా, చెవికి అందుతున్న ఆలస్యం ఆ అంకె కాదు.

బ్లూటూత్‌లో శబ్దాన్ని ముందు కుదించి, పొట్లాలుగా పంపి, అవతల మళ్ళీ విప్పాలి. మామూలు ఇయర్‌బడ్స్‌లో దీనికి 100 నుంచి 200 మిల్లీసెకన్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కూడా పడుతుంది. ఫోను తనవంతుగా మైకు నుంచి శబ్దాన్ని తీసుకోవడానికీ, తిరిగి పంపడానికీ కొంత సమయం తీసుకుంటుంది. యాప్‌లో 50 అని పెట్టుకుంటే చెవికి చేరేసరికి అది 250 కావచ్చు. చదివేటప్పుడు ఆ 250 మిమ్మల్ని బలవంతంగా నెమ్మదింపజేసి ఉంటుంది, అందుకే అది పనిచేసినట్టు అనిపించి ఉండవచ్చు. బేరంలో నెమ్మదించడానికి సమయం లేదు కాబట్టి అక్కడ బెడిసికొట్టి ఉంటుంది. ఇది నా ఊహే, అయినా దీన్ని పరీక్షించడం సులభం.

వైరు ఉన్న ఇయర్‌ఫోన్లు తీసుకోండి. ఫోనుకు గుండ్రటి జాక్ లేకపోతే టైప్-సి పిన్ను ఉన్నవి మా విజయవాడ బీసెంట్ రోడ్డులో గాని, మీ గుంటూరులో ఏ మొబైల్ దుకాణంలో గాని కొద్దిపాటి ధరకే దొరుకుతాయి. యాప్‌లో ఆలస్యాన్ని సున్నా చేయండి, లేదా యాప్ అనుమతించే అతి తక్కువ అంకె పెట్టండి. ఇయర్‌ఫోను ఒకదాన్ని రెండవ ఫోను మైకుకు ఆనించి, రెండవ ఫోనులో రికార్డింగ్ మొదలుపెట్టి, రెండింటికీ దగ్గరగా బల్ల మీద పెన్నుతో ఒక్కసారి గట్టిగా కొట్టండి. ఆ రికార్డింగ్‌ను కంప్యూటరులో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే రెండు శిఖరాలు కనిపిస్తాయి. మొదటిది అసలు చప్పుడు, రెండవది ఇయర్‌ఫోను నుంచి వచ్చినది. ఆ రెండింటి మధ్య దూరం నుంచి, యాప్‌లో పెట్టిన అంకె ఏదైనా ఉంటే దాన్ని తీసివేయగా మిగిలేది మీ ఫోను స్వంత ఆలస్యం. అది 30 అని వచ్చిందనుకోండి, మొత్తం 60 కావాలంటే యాప్‌లో 30 మాత్రమే పెట్టాలి. ఇదే పరీక్షను మీ ఇయర్‌బడ్స్‌తో కూడా చేసి చూస్తే నేను చెప్పినది నిజమో కాదో తేలిపోతుంది.

యార్డు హోరుకు ఒక ఉపాయం ఉంది. ఫోను మైకు చుట్టూ ఉన్నదంతా వింటుంది. వైరు మీద చిన్న మైకు ఉండే ఇయర్‌ఫోన్లు వాడి, ఆ మైకును చొక్కా కాలరుకు పెదవుల దగ్గరగా బిగించుకుంటే మీ గొంతు మిగతా శబ్దాల కంటే పైన ఉంటుంది. అప్పుడు యాప్‌లో మైకు స్థాయిని తగ్గించినా మీ మాట చెవికి చాలినంతగా అందుతుంది, లారీ హారను అంతగా అందదు. శబ్దం పెంచి హోరును గెలవాలని మాత్రం చూడకండి, రోజంతా అలా వింటే వినికిడికే ప్రమాదం.

ఇంకో ఇబ్బంది కూడా ముందే తెలుసుకోండి. ఫోనులో కాల్ నడుస్తుండగా మైకును మరో యాప్‌కు ఇవ్వడం చాలా ఫోన్లలో కుదరదు. వ్యాపారులతో ఫోనులో మాట్లాడేటప్పుడు ఈ సాయం కావాలంటే యాప్‌ను ఒక పాత ఫోనులో నడుపుతూ, దాని ఇయర్‌ఫోను ఒక చెవిలో పెట్టుకుని, కాల్‌ను రెండవ ఫోనుతో మరో చెవి దగ్గర మాట్లాడాలి. వినడానికి వింతగా ఉన్నా ఆచరణలో అది సాధ్యమే.


సమాధానం
ఉపాధ్యాయుడు, అరండల్‌పేట

నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. నాకు కూడా నత్తి ఉంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటరులోనూ తరువాత ఫోనులోనూ ఏళ్ళ తరబడి వాడినవాడిని కాబట్టి, పరిశోధనలలో కనిపించని ఒకటి రెండు సంగతులు చెప్పగలను.

ప్రభావం అరిగిపోతుందా అని అడిగారు. నా విషయంలో మొదటి వారాలలో ఉన్నంత బలం ఆ తరువాత లేదు. చెవి ఆ రెండవ గొంతుకు అలవాటుపడి, దాన్ని పట్టించుకోవడం మానేసింది. కొన్నాళ్ళు పూర్తిగా ఆపి మళ్ళీ మొదలుపెడితే కొంత తిరిగి వచ్చింది. అందుకే నేను దాన్ని రోజంతా వాడడం మానేశాను. రేపటి పాఠాన్ని ముందు రోజు సాయంత్రం ఇంట్లో బిగ్గరగా చెప్పుకునేటప్పుడు మాత్రమే వాడతాను. ఆ సాధనలో నాకు దొరికినది సాఫీతనం కంటే విలువైనది: గొంతు బిగించకుండా మాట్లాడితే శరీరానికి ఎలా ఉంటుందో తెలిసింది. నలభై ఏళ్ళ వయసు దగ్గరపడే వరకు నాకు ఆ స్థితి ఎలా ఉంటుందో తెలియదు. అది ఒకసారి తెలిసిన తరువాత, తరగతిలో ఏ పరికరమూ లేకుండా ‘గుప్తులు’ అన్న మాట దగ్గర గొంతు బిగుసుకుంటున్నప్పుడు, ఎక్కడ వదలాలో తెలుస్తున్నది. తరగతి గదిలో దాన్ని పెట్టుకుంటే మాత్రం పిల్లల అల్లరి అంతా రెండుసార్లు వినిపిస్తుంది, మీకు లారీల హారన్లు వినిపించినట్టే.

గుమాస్తా గారూ, మాటకు బదులు మరో మాట వేసి గట్టెక్కుతానని మీరు రాసినది చదివి నాకు మనసు కష్టమయింది, ఎందుకంటే నేనూ అలాగే బతికాను. అలా తప్పించుకున్న ప్రతి మాటా తరువాతిసారికి మరింత భయపెట్టే మాటగా మారుతుంది. సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నప్పుడు కూడా మాటలు మార్చడం కొనసాగిస్తే, ఆ సాఫ్ట్‌వేర్ పనిచేస్తున్నదో మీ తప్పించుకునే నేర్పు పనిచేస్తున్నదో ఎప్పటికీ తేలదు. ఇంట్లో సాధన చేసేటప్పుడు తేజ, బాడిగ, పద్నాలుగు, పదిహేను అన్న మాటలనే కావాలని పలకండి.

మరొక మాట. మీతో రోజూ మాట్లాడే వ్యాపారులకు మీరే ముందుగా చెప్పండి: ‘నాకు నత్తి ఉందండీ, మాట ఆగితే ఒక్క క్షణం ఆగండి, ధరలో మార్పు ఏమీ లేదు.’ ఈ ఒక్క వాక్యం మీ భయంలో ఉన్న అసలు చిక్కును, అంటే మీ మౌనాన్ని వారు మోసంగా అర్థం చేసుకోవడాన్ని, నేరుగా తొలగిస్తుంది. ఏ యంత్రమూ ఆ పని చేయలేదు. పెద్దవారిలో సుమారు 100 మందిలో ఒకరికి నత్తి ఉంటుంది; యార్డుకు వచ్చే జనంలో మీవంటివారు ఎంతమంది ఉండి ఉంటారో ఆలోచించండి. ది ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్ అనే స్వయంసహాయ సంఘం కూడా ఉంది, నత్తి ఉన్నవారే ఒకరితో ఒకరు మాట్లాడుకునే చోటు అది.


అనుబంధ ప్రశ్న
ఒక తల్లి, మొగల్రాజపురం

ఈ చర్చ చదివి అడుగుతున్నాను. మా బాబుకు అయిదేళ్ళు నిండలేదు. కొన్ని నెలలుగా మాట మొదట్లో అక్షరాలు రెట్టిస్తున్నాడు. ఈ యాప్ వాడితో ఆడుకుంటున్నట్టుగా వాడించవచ్చా? మా అత్తగారు వస కొమ్ము అరగదీసి నాకించమంటున్నారు, పక్కింటివారు నోట్లో గులకరాళ్ళు పెట్టి మాట్లాడించమంటున్నారు.


సమాధానం
స్పీచ్ థెరపిస్ట్, విజయవాడ

అమ్మా, ఆ వయసు పిల్లలకు ఈ యాప్ వద్దు. దీని మీద జరిగిన పరిశోధనలో అత్యధిక భాగం పెద్దవారి మీద జరిగినదే. పైగా ఈ వయసులో నత్తి మొదలైన పిల్లలలో ఎక్కువమందికి అది కొంతకాలానికి దానంతట అదే తగ్గిపోతుంది. ఎవరికి తగ్గుతుందో ఎవరికి నిలిచిపోతుందో ఇంట్లోవారు పోల్చుకోవడం కష్టం కాబట్టి, కొన్ని నెలలుగా ఉన్నదంటున్నారు కనుక ఒకసారి స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. బడిలో చేరని వయసు పిల్లల కోసం ఆస్ట్రేలియాలో 1980లలో రూపుదిద్దుకున్న లిడ్‌కోంబ్ పద్ధతి ఉంది; అందులో థెరపిస్టు శిక్షణతో తల్లిదండ్రులే ఇంట్లో రోజూ కొంతసేపు పిల్లవాడికి ఆ చికిత్స చేస్తారు.

గులకరాళ్ళు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది, దయచేసి ఆ పని చేయవద్దు. వసలో ఉండే బీటా-అసరోన్ అనే పదార్థం వల్ల హాని ఉండవచ్చన్న కారణంతో అమెరికా ప్రభుత్వం 1968లోనే దాన్ని ఆహారంలో వాడకుండా నిషేధించింది. అత్తగారికి నచ్చజెప్పడం కష్టమని తెలుసు, ఆవిడను కూడా థెరపిస్టు దగ్గరికి వెంట తీసుకువెళ్ళండి. బాబు మాట్లాడుతున్నప్పుడు ‘నిదానంగా చెప్పు, గాలి పీల్చుకుని చెప్పు’ అని ఆపకుండా, వాడు చెప్పేది పూర్తయ్యే వరకు వినండి.


మిర్చి యార్డు గుమాస్తా, గుంటూరు

అందరికీ కృతజ్ఞతలు. పటమట నుంచి రాసినవారు చెప్పినట్టే పెన్నుతో కొట్టి పరీక్షించాను. వైరు ఇయర్‌ఫోన్లతో నా ఫోను స్వంత ఆలస్యం తక్కువగానే ఉంది. ఇయర్‌బడ్స్‌తో అదే యాప్, అదే అంకె పెడితే రెండు శిఖరాల మధ్య దూరం 200 దాటింది. ఇన్నాళ్ళూ నేను 50 అనుకుని వింటున్నది అంత పెద్ద ఆలస్యమని తెలిసి ఆశ్చర్యపోయాను. ఇప్పుడు వైరుతో, మొత్తం 60 వచ్చేలా పెట్టుకున్నాను. చదవడంలో మునుపటి అంత సాఫీగా లేదు గాని, వేగం నా మామూలు వేగమే.

ఉపాధ్యాయులు గారి మాట ప్రకారం ఇద్దరు వ్యాపారులకు నత్తి సంగతి చెప్పాను. ఒకాయన ‘అదా సంగతి, చెప్పావు కాదేం ఇన్నాళ్ళూ’ అన్నారు. థెరపిస్ట్ గారిని ఒకటే అడగాలని ఉంది. శబ్దం వస్తేనే యాప్ సాయం చేస్తుందన్నారు. ఆ మొదటి శబ్దం రావడానికి నేనేమి చేయాలి? ‘ఆఁ’ అని ముందు ఒక శబ్దం తీసి, దాని మీదుగా మాటలోకి వెళితే కొంత వీలవుతున్నది. అది అలవాటు చేసుకోవచ్చా?


సమాధానం
స్పీచ్ థెరపిస్ట్, విజయవాడ

ఆ ‘ఆఁ’ను ఇంట్లో సాధన మొదట్లో మాత్రమే వాడండి, దుకాణంలో అలవాటు చేసుకోవద్దు. అలాంటి శబ్దాలు కొన్నాళ్ళకు బలం కోల్పోయి, ఒకటి ఉన్నచోట రెండు, మూడు చేరి, చివరికి అవే నత్తిలో భాగమవుతాయి.

దాని బదులు మాటలోని మొదటి హల్లునే మెత్తగా పట్టుకోవడం నేర్చుకోండి. ‘తేజ’ అనేటప్పుడు మీ నాలుక కొన పళ్ళ వెనుక ఎంత గట్టిగా నొక్కుకుంటున్నదో గమనించండి. మాట రాదేమోనన్న భయంతో అది అవసరానికి మించి నొక్కుకుంటుంది, దానితో గొంతు కూడా బిగుసుకుంటుంది. నాలుక పళ్ళను తాకీ తాకనట్టుగా ఆనించి, గాలి సన్నగా వెలువడుతుండగా వెంటనే ‘ఏ’లోకి జారండి, ఆ ‘ఏ’ను మామూలు కంటే రవ్వంత ఎక్కువ సాగనివ్వండి. ‘పద్నాలుగు’లో పెదవులతోనూ ఇదే పని. మొదట ‘త’ స్పష్టత కొంచెం తగ్గినట్టు అనిపిస్తుంది, ఫరవాలేదు. అచ్చు సాగిన ఆ క్షణంలోనే మీ ఇయర్‌ఫోనులో రెండవ గొంతు అందుకుంటుంది, ఆ తరువాత ‘జ’కు అది తోడుగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కూ మీ సాధనకూ కలయిక సరిగ్గా ఇక్కడే. తేలికగా మొదలుపెట్టడం మీ పని, మొదలైనదాన్ని నిలబెట్టడంలో సాయం చేయడం దాని పని.

ఎప్పుడైనా గొంతు పూర్తిగా బిగుసుకుపోతే బలవంతంగా తోసుకుని బయటపడకండి. ఆ బిగువులోనే ఒక్క క్షణం ఆగి, బిగువును కొద్దికొద్దిగా వదులుతూ అదే మాటను పూర్తి చేయండి. చార్లెస్ వాన్ రైపర్ అనే అమెరికా నిపుణుడు తన చికిత్సలో దీనికి ప్రత్యేక స్థానం ఇచ్చాడు, ఈనాటికీ మేము నేర్పిస్తున్నాము. దీనికి యాప్ అవసరం లేదు, కానీ థెరపిస్టు ఎదురుగా ఉండి చూపిస్తే త్వరగా పట్టుబడుతుంది. వెళ్ళే ముందు ఆ థెరపిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉన్నదో లేదో అడగండి, అడగడంలో మొహమాటం వద్దు. పూర్తిగా నయం చేస్తామని, ఇన్ని రోజులలో పోగొడతామని ముందుగానే హామీ ఇచ్చేవారి దగ్గర డబ్బు కట్టకండి.

వెళ్ళేటప్పుడు రెండు రికార్డింగులు తీసుకువెళితే మంచిది. ఎదుటివారి అనుమతితో ఒక మామూలు సంభాషణను యాప్ లేకుండా ఒకసారి, యాప్‌తో ఒకసారి రికార్డు చేయండి. రెండింటిలోనూ మీరు పలికిన మొదటి 300 అక్షరాలు తీసుకుని, వాటిలో ఎన్నింటి దగ్గర మాట ఆగిందో లేదా రెట్టించిందో లెక్కపెట్టండి. మేము నత్తి తీవ్రతను కొలిచేదీ ఇలాగే, 100 అక్షరాలకు ఎన్ని అని. చదివిన రికార్డింగు వద్దు, సంభాషణే కావాలి. నెల తరువాత మళ్ళీ అదే కొలత తీసుకోండి, అంతకుముందు ఉన్న తేడా అలాగే నిలిచిందో తగ్గిందో అప్పుడు తెలుస్తుంది. నిలవకపోతే ఉపాధ్యాయులు గారిలాగా దాన్ని సాయంత్రపు సాధనకే పరిమితం చేసుకోండి.


మిర్చి యార్డు గుమాస్తా, గుంటూరు

చాలా స్పష్టంగా చెప్పారండీ. ఉదయం పూట సరుకు చూపించే రద్దీలో కాకుండా, మధ్యాహ్నం కాటాలు అయిపోయిన తరువాత లెక్కల కోసం చేసే ఫోన్లతో మొదలుపెడతాను. అప్పుడు దుకాణంలో హోరు ఉండదు, అవతలివారికి తొందర ఉండదు. ముందుగా సంగతి చెప్పిన ఆ ఇద్దరు వ్యాపారులలో ఒకాయన రికార్డు చేసుకోవడానికి ఒప్పుకున్నారు. అక్షరాల లెక్కలు వచ్చిన తరువాత, అనుకూలంగా ఉన్నా లేకపోయినా, ఇక్కడే రాస్తాను.